కృపమణి పెద్దమ్మ హోమ్ థియేటర్

మా కృపమణి పెద్దమ్మను ఎవరైనా "పాపం" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఏం పాపం? గనుల జోరులో మా వైపు ఊళ్ళకు ఊళ్ళే నోరు కుట్టేసుకుని కూర్చుంటే, నోరు తెరిచిన మనిషి ఆమె. అది కూడా ఏ జెండా పట్టుకునో, ఏ సంఘం పేరు చెప్పుకునో కాదు. చెడిపోయిన హోమ్ థియేటర్ పెట్టెను చంకన పెట్టుకుని. నవ్వొస్తే నవ్వండి, కాకపోతే మొత్తం విన్నాక నవ్వండి.

నా పేరు షెకైనా. పెద్దమ్మ మా అమ్మకు సొంత అక్క. ఆమె భర్త సుందరం పెద్దనాయన దర్జీ. తోరణగల్లు నుంచి బళ్ళారి వెళ్ళే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా మా మిషన్ కాలనీ ఉంది. ఒక చిన్న మందిరం, ఒక బడి, వాటి చుట్టూ మా ఇళ్ళు. మా ఇంటికీ పెద్దమ్మ ఇంటికీ మధ్య ఒకే గోడ. ఆమె ఎవరిని తిట్టినా మా వంటింట్లోకి వినిపించేది, కాబట్టి నేను చెప్పేదాంట్లో కల్పించుకున్నది తక్కువ.

కాలనీ వెనక గాదిలింగప్ప చేను ఉండేది. జొన్న వేసేవాడు, వానలు బాగుంటే పత్తి. గాదిలింగప్ప మా బడిలోనే పెద్దమ్మతో కలిసి చదువుకున్నాడు. చిన్నప్పుడు మా అవ్వ చేతి ముద్ద తిని పెరిగినవాడే. గనుల జోరు మొదలవగానే చేను మీద సగం మేర ఇనుప ఖనిజం కుప్పలు పోసుకోవడానికి అద్దెకిచ్చాడు. కొండ నుంచి టిప్పర్లు తెచ్చి పోసేవి, పెద్ద లారీలు ఎత్తుకుపోయేవి. ఆ పోయడం, ఎత్తడం పగలంతా జరిగేది. దాన్ని అందరూ యార్డు అనడం నేర్చుకున్నారు. పొలం అన్న మాట మర్చిపోయారు.

ఇక ఎర్రదుమ్ము సంగతి. నెల మొదటి ఆదివారం మందిరంలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభు సంస్కారానికి తెల్లచీర కట్టుకోవడం మా ఆడవాళ్ళకు ముత్తవ్వల నాటి నుంచీ అలవాటు. ఆ చీరల్ని బయట ఆరేయడం మానుకున్నాం. ఇంట్లో దండెం కట్టి ఆరేసినా అంచులు ఇటుక రంగు తిరిగేవి. అన్నం గిన్నె మీద మూత తీస్తే మూత మీద వేలిముద్రలు పడేవి. పసిపిల్లల ముక్కు తుడిస్తే గుడ్డ ఎర్రబడేది. ఇంత జరుగుతున్నా ఎవరైనా అడిగితే మావాళ్ళు "ఏదో కొంచెం ధూళి" అనేవాళ్ళు. ఎందుకంటే మందిరానికి రంగు వేయించింది గాదిలింగప్ప. బోరు తవ్వించింది గాదిలింగప్ప. మా కాలనీ పిల్లల్లో నలుగురైదుగురు అతని టిప్పర్ల మీదే క్లీనర్లు. అతని మీద మాట అనాలంటే ఎవరికైనా నాలుక మడత పడేది.

పెద్దనాయన కుట్టుమిషను వీధి వైపు కిటికీ కింద ఉండేది. పొద్దస్తమానం అక్కడే కూర్చుని కుట్టేవాడు. మెత్తటి మనిషి. ఎవరి కొలత తీసుకున్నా ముందు "ఏమీ అనుకోవద్దప్పా" అని టేపు పట్టేవాడు. కానీ ఆ మెత్తటి మనిషికి దేవుడిచ్చిన గొంతు మాత్రం మెత్తటిది కాదు. మందిరం గానబృందంలో కింది స్వరం ఆయనది. ఆయన పాడుతుంటే ముందు చెవికి కాదు, కూర్చున్న బెంచీ చెక్కలోంచి వీపుకు తెలిసేది. ఆ గొంతు వినే తాను పెళ్ళికి ఒప్పుకున్నానని పెద్దమ్మ చెప్పుకునేది. "ముఖం తర్వాత చూసినా, అప్పటికే ఆలస్యమైపోయిండాది" అని నవ్వేది.

యార్డు వచ్చిన మరుసటేడు నుంచి పెద్దనాయనకు దగ్గు పట్టుకుంది. మొదట ఒక చరణం పూర్తి కాకుండా ఆగేవాడు. తర్వాత పల్లవికే ఆయాసం వచ్చేది. ఆ తర్వాత పాటల పుస్తకం తెరిచి పట్టుకుని ఊరికే నిలబడేవాడు. చివరికి గానబృందం బెంచీ వదిలి వెనక వరసలోకి వెళ్ళి కూర్చున్నాడు. ఆ ఆదివారం పాస్టరు ప్రసంగం పెద్దమ్మ వినలేదని నాకు తెలుసు. మెడ తిప్పి ఆయన్నే చూస్తూ ఉంది.

డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. నేనూ వెళ్ళాను. డాక్టరు పెద్దనాయన వీపు మీద గొట్టం పెట్టి విని, తల పైకెత్తకుండానే అడిగాడు.

"బీడీలు ఎప్పటి నుంచి?"

"తాగను సార్," అన్నాడు పెద్దనాయన.

"అందరూ అట్లే అంటారు. అవి మానేస్తేనే మందు పని చేస్తుంది."

పెద్దనాయన తప్పు చేసినవాడిలా నవ్వాడు. పెద్దమ్మ నవ్వలేదు. "సార్, ఈయప్ప జన్మలో బీడీ ముట్టలే. కాపురం చేస్తాండేది నేను. నోటి వాసన నాకి తెలీదా?" అంది. డాక్టరు అప్పటికే బయట కూర్చున్న ఇంకో మనిషిని పిలుస్తున్నాడు.

దారిలో పెద్దనాయన "పోనీలే కృపా, ఆయనకి నా మీదేం పగ" అన్నాడు.

"పోనీలే అంటే పోతాదా? ఈడనే ఉంటాది, నీ గుండెలో," అంది పెద్దమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు వణికింది. కోపంతోనే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే భయం అనిపిస్తుంది.

హోమ్ థియేటర్ కొనడానికి కారణం ఇదే. మా మందిరం జూబిలీ జరిగినప్పుడు, అంటే యార్డు రాకముందు, పెళ్ళిళ్ళ వీడియో తీసే ఒకాయన ఆ వేడుకంతా తీసి ఇంటికొక డిస్కు ఇచ్చాడు. అందులో పెద్దనాయన గానబృందం మధ్యలో నిలబడి పాడాడు. పెద్దమ్మ మా ఇంటి చిన్న టీవీలో ఆ డిస్కు పెట్టించుకుని విన్నది. ఆడవాళ్ళ గొంతులు వచ్చాయి, పిల్లల గొంతులు వచ్చాయి, పెద్దనాయన గొంతు మాత్రం రాలేదు. ఆయన నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, అంతే.

"ఈయన గొంతు యాడ పోయిండాది?" అని నన్ను నిలదీసింది, నేనే దాచిపెట్టినట్టు.

చిన్న స్పీకర్లలో అంత కింది స్వరం పలకదని, దానికి ఊఫర్ అని పెద్ద డబ్బా ఉండాలని చెప్పాను. ఆ రోజుల్లో టిప్పరున్న ప్రతి ఇంట్లోనూ హోమ్ థియేటర్ ఉండేది. డిస్కు తిరిగే నల్ల పెట్టె, గోడలకు తగిలించే బుల్లి స్పీకర్లు, నేల మీద ఊఫర్. పెద్దమ్మ చీటీ పాడి మరీ కొనుక్కొచ్చింది. ఒక స్పీకరు కుట్టుమిషను పైన, ఒకటి వంటింటి గుమ్మం పైన, మిగిలినవి మూలలకు. ఊఫర్‌ను పెద్దనాయన బట్టలు కత్తిరించే బల్ల కింద పెట్టింది. రిమోటుకు ప్లాస్టిక్ సంచి, పెట్టెకు తానే అల్లిన లేసు గుడ్డ.

మొదటిసారి జూబిలీ డిస్కు వేసినప్పుడు బల్ల మీది కత్తెర గలగలమంది. పెద్దనాయన చెప్పు విడిచి కాలు ఊఫర్ మీద ఆనించి, కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇది నేనేనా?" అన్నాడు. పెద్దమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "కాదు, మీ పెదనాన్న" అని కసిరింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం మందిరం నుంచి రాగానే అదే పని. పెట్టెలోని పెద్దనాయన పాడేవాడు, కుర్చీలోని పెద్దనాయన పెదవులు కదిపేవాడు.

ఏడాది తిరగకుండా పెట్టె పేచీలు మొదలుపెట్టింది. పాట మధ్యలో ఆగి ఒకే ముక్కను పట్టుకుని గిలగిల కొట్టుకునేది. పెద్దమ్మ డిస్కు తీసి గుడ్డతో తుడిచేది, ఊదేది, మళ్ళీ పెట్టేది. కొన్నాళ్ళు విన్నది. దసరా వెళ్ళిన ఆదివారం అసలు మాట వినలేదు. డిస్కు మింగింది, లోపల గిర్రున తిప్పింది, ముందు వైపు నీలం అక్షరాల్లో "నో డిస్క్" అని చూపించింది.

"ఏమంటాండాది?" అంది పెద్దమ్మ.

"డిస్కు లేదంటోంది," అన్నాను.

"లేదా? కడుపులో పెట్టుకోని లేదంటాండాదా?" పెట్టె నెత్తిన ఒకటి చరిచింది. "ఉండేదాన్ని లేదంటే నేనొప్పుకుంటానా?"

గ్యారంటీ ఇంకా ఉంది. పెట్టెను తుండుగుడ్డలో మూటగట్టి, నన్ను తోడు తీసుకుని బళ్ళారి బస్సెక్కింది. సర్వీసు చేసే దుకాణంలో అరల నిండా ఇలాంటి పెట్టెలే. కొన్నిటి మీద ఆయుధపూజ నాటి పసుపు చారలు, వాడిన బంతిరేకులు ఇంకా అతుక్కునే ఉన్నాయి. యల్లేష్ అనే మెకానిక్ మా పెట్టె మూత విప్పాడు. లోపలంతా ఎర్రటి పొడి. తీగల మీద, చక్రం మీద, డిస్కును చదివే కంటి అద్దం మీద.

అతను తల వంచుకునే నవ్వాడు. "పూజ చేసినారు కదమ్మా? కుంకుమ బాగా చల్లినారు. దసరా అయినాక వచ్చే పెట్టెలన్నీ ఇట్లే. లోపలికి కుంకుమ పోతే గ్యారంటీ ఉండదు."

పెద్దమ్మ ఆ పొడినీ, అతని వంచిన తలనూ మార్చి మార్చి చూసింది.

"పైకి చూడప్పా," అంది.

యల్లేష్ తలెత్తాడు.

"నా నొసలు చూడు. బొట్టుండాదా? మాది మిషన్ కాలనీ. మా తాత బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి మా ఇంట్లో కుంకుమ భరిణె లేదు. ఇంగ ఈ కుంకుమ యాడి నుంచి వచ్చిండాది?"

యల్లేష్ నాలుక కరుచుకున్నాడు. గల్లా దగ్గరి యజమాని మాత్రం కదల్లేదు. "పక్కింటోళ్ళు ఎవరన్నా పెట్టిండొచ్చు మా. గలాటా వద్దు," అన్నాడు.

"పక్కింటోళ్ళు వచ్చి, నా పెట్టె మరలు విప్పి, లోపల పూజ చేసి, మళ్ళా మరలు బిగించి పోయినారా? ఏం మాటలప్పా అవి?"

దుకాణంలో ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. యజమానికి ముఖం మాడింది కానీ గ్యారంటీ మాత్రం లేదనే అన్నాడు. యల్లేష్ పెట్టెను పక్కకు తీసుకొచ్చి నెమ్మదిగా చెప్పాడు. దీని వెనక చిన్న ఫ్యాను ఉంటుందని, అది లోపలికి గాలి లాగుతుందని, గాలిలో ఏముంటే అదే లోపలికి పోతుందని. "మీ పక్క నుంచి వచ్చే పెట్టెలన్నిట్లోనూ ఇదే మా. కుంకుమ అంటే యజమానికి సులువు. క్లీన్ చేసి ఇస్తా, కూర్చోండి."

"వద్దు. దాన్ని ముట్టుకోవద్దు. అట్లే మూత బిగించు," అంది పెద్దమ్మ.

తిరుగు బస్సులో పెట్టె ఆమె ఒళ్ళో ఉంది. కిటికీ పక్కన వరసగా టిప్పర్లు ఎదురొస్తున్నాయి. వాటిని చూస్తూ అంది. "చూస్తివా షెకైనా. ఆయప్పకేమో బీడీ. దీనికేమో కుంకుమ. అన్నీ మనం చేసుకున్నవే అంట. ఆ దుమ్ముది మాత్రం ఏ తప్పూ లేదంట." ఇంటికి వచ్చేదాకా పెట్టె మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

ఆ నెలలోనే గాదిలింగప్ప మిగిలిన సగం చేను కూడా యార్డులో కలపాలనుకున్నాడు. అంటే కుప్ప మా కాలనీ గోడ దాకా వస్తుంది. ఆ గోడకు ఇవతలే పెద్దమ్మ ఇల్లు. దానికి ఊరి ఒప్పుదల కావాలి. బడి ఆవరణలో గ్రామసభ పెడతారని, తాలూకా నుంచి అధికారి వస్తారని డప్పు వేశారు. కుప్ప అంత దూరంలో ఉండగానే పెద్దనాయన సగం అయ్యాడు. గోడ దాకా వస్తే ఆయన బతకడని మా కాలనీలో అందరికీ తెలుసు. పసిపిల్లకు కూడా తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

సభకు ముందు సాయంత్రం గాదిలింగప్ప పెద్దమ్మ ఇంటికి వచ్చాడు. భుజం మీద పెద్ద అట్టపెట్టె. దించి, చెమట తుడుచుకుని, నవ్వాడు.

"అక్కా, నీ పెట్టె చెడిపోయిందంట గదా. ఇదో, కొత్తది. ఊఫర్ దానికంటే రెండింతలుంటాది."

"బాగుండాదప్పా. ఇప్పుడేం పండగని?"

"పండగెందుకక్కా? మీ అమ్మ చేతి ముద్ద తిన్నోణ్ణి."

"ఆ ముద్దలో దుమ్ము లేకుండె."

గాదిలింగప్ప నవ్వు తగ్గింది. "అక్కా, దుమ్ము దుమ్మని నువ్వొక్కదానివే అంటాండావు. ఊరంతా సుమ్నె నోరు మూసుకోని ఉండాది. పొద్దునా సాయంత్రం ట్యాంకరుతో నీళ్ళు కొట్టిస్తాండా. ఇంగేం చెయ్యమంటావు? పిల్లలకి పనులు వస్తాండాయి, నాలుగిళ్ళలో పొయ్యి వెలుగుతాండాది. నీ ఒక్కదాని కోసం ఆపాల్నా?"

"నా కోసం వద్దు. ఆయప్ప దగ్గుతాండాడే, విను. విని చెప్పు."

లోపల పెద్దనాయన దగ్గు ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక, ఇంకా గట్టిగా దగ్గాడు. గాదిలింగప్ప గుమ్మం వైపు చూడలేదు.

"ఈ కొత్త పెట్టెలో కూడా ఫ్యాను ఉంటాది గదా," అంది పెద్దమ్మ. "అది యా గాలి పీలుస్తాది? నీ ఇంటి ఏసీ గాలా, మా కిటికీ గాలా? నీ పెట్టె నువ్వే తీసుకోని పో."

దగ్గు తెరపి ఇవ్వగానే పెద్దనాయన బయటికి వచ్చాడు. "ఇంటికొచ్చిన మనిషికి కాఫీ అయినా ఇయ్యవా కృపా?" అన్నాడు.

"ఎందుకియ్యను? కాఫీ ఇస్తా. పెట్టె మాత్రం వద్దు." నిజంగానే కాఫీ పెట్టి ఇచ్చింది. గాదిలింగప్ప తాగక తప్పలేదు. తాగి, గ్లాసు పెట్టి, అట్టపెట్టెను మళ్ళీ భుజానికెత్తుకుని మా వీధి అంతా చూస్తుండగా వెళ్ళిపోయాడు. అతని వీపు అప్పుడే నాతో చెప్పింది, రేపు సభలో వదిలిపెట్టడని.

మర్నాడు బడి ఆవరణ నిండిపోయింది. వేప చెట్టు కింద బల్ల, అధికారికి కుర్చీ, స్వాగతానికి పూలూ కుంకుమా పెట్టిన పళ్ళాలు. మైకు, స్పీకర్లు గాదిలింగప్ప మందిరానికి కొనిచ్చినవే. గుడికి వెళ్ళి నేరుగా వచ్చాడేమో, నొసట రూపాయంత కుంకుమ ఉంది. ముందు వరసలో వాళ్ళమ్మ హొన్నూరమ్మను కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ముసలామెకు కళ్ళలో పొర. మనుషుల్ని గొంతు బట్టి గుర్తుపడుతుంది. ఆమె రవికలన్నీ పెద్దనాయన కుట్టినవే.

గాదిలింగప్ప మైకు పట్టుకుని నీళ్ళ ట్యాంకరు గురించి, పనుల గురించి, మందిరం రంగు గురించి చెప్పాడు. అధికారి "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని అడిగాడు. మా కాలనీ వాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. మా అమ్మ కూడా. నాకు సిగ్గేసింది, నా నోరూ లేవలేదు.

పెద్దమ్మ లేచింది. నెల మొదటి ఆదివారం కాకపోయినా ఆ రోజు తెల్లచీర కట్టుకుంది. పెట్టెను తెచ్చి అధికారి ముందు బల్ల మీద పెట్టింది. పెద్దనాయన కుట్టుమిషను స్క్రూడ్రైవరుతో ఒక్కొక్క మరా విప్పి, మూత ఎత్తింది.

"చూడండి సార్. మా ఇంట్లో నేల ఊడుస్తా, కిటికీకి తడిగుడ్డ కడతా, దీనికి కూడా లేసు గుడ్డ కప్పినా. అయినా దీని కడుపు నిండా దుమ్ము. దీన్ని విప్పి చూడొచ్చు. మా ఆయన్ని విప్పి చూడలేరు గదా. అందుకని దీన్ని తెచ్చినా."

అధికారి మెడ చాచి చూశాడు. గాదిలింగప్ప మైకులోనే నవ్వాడు.

"సార్, అది దుమ్ము గాదు, కుంకుమ. బళ్ళారి షాపోళ్ళే చెప్పినారు. ఈయక్క పెట్టెలోకి కుంకుమ పోయినా నా యార్డు మీదికే, ఆయన బీడీ తాగి దగ్గినా నా యార్డు మీదికే."

జనం నవ్వారు. మా కాలనీ వాళ్ళు కూడా కొందరు నవ్వారు, వాళ్ళ పేర్లు నాకు గుర్తున్నాయి. వెనక వరసలో పెద్దనాయన తల దించుకున్నాడు.

నేను పెద్దమ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. బల్ల మీది ఖాళీ పళ్ళెం ఒకటి తీసుకుంది. మిషను దులిపే చిన్న బ్రష్షుతో పెట్టె లోపలి పొడినంతా అందులోకి ఊడ్చింది. గుప్పెడు పోగైంది. ఆ పళ్ళెం రెండు చేతులా పట్టుకుని, పేరంటానికి వెళ్ళే ముత్తైదువలాగా నడుచుకుంటూ గాదిలింగప్ప ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"కుంకుమ అంటివి గదప్పా. ఇంతమంది ముందర అంటివి. తీసుకో. నొసట పెట్టుకో."

గాదిలింగప్ప నవ్వు అలాగే ఉంది, చెయ్యి మాత్రం లేవలేదు. మా వైపు ఒక పద్ధతి ఉంది. పళ్ళెంలో కుంకుమ ఇస్తే ఎవరూ వద్దనరు. శత్రువు ఇచ్చినా ఒక చిటికెడు తీసుకోవాలి. వద్దంటే కీడు. ఇది మా కాలనీ వాళ్ళకూ తెలుసు, బొట్టు పెట్టుకోనంత మాత్రాన పక్కవాళ్ళ పద్ధతులు తెలియకుండా పోవు.

"ఇదేం పనక్కా," అన్నాడు మెల్లగా.

"నువ్వన్న మాటే గదా. పెట్టుకో."

హొన్నూరమ్మకు ఆలస్యం నచ్చలేదు. "రే లింగా! కుంకుమ ఇస్తే వద్దంటారేమిరా? ఇంటికి కీడు గాదా? తీసుకో," అని గదమాయించింది. కొడుకు కదల్లేదు. ముసలామె చెయ్యి చాచింది. "వాడు తీసుకోకపోతే నాకియ్యి మ్మే కృపా. ఇట్ల తే."

పెద్దమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. పళ్ళెం ఆమె ముందుకు వంచలేదు, వెనక్కీ తీసుకోలేదు. హొన్నూరమ్మే తడుముకుంటూ పొడిలో వేలు ముంచింది. నొసటికి ఎత్తబోయింది.

గాదిలింగప్ప ఒక్క అంగలో వచ్చి తల్లి మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దమ్మా! అది కుంకుమ గాదు, దుమ్ము! కంట్లో పడితే ఉండే చూపు కూడా పోతాది!"

రెండో చేతిలో మైకు ఉందన్న సంగతి మర్చిపోయాడు. ఆ మాట బడి గోడలకు తగిలి, మందిరం దాకా పోయి వచ్చింది. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు.

హొన్నూరమ్మ వేలు గాల్లోనే ఆగింది. "దుమ్మా? యాడి దుమ్మురా?" అంది.

గాదిలింగప్ప తల్లి చెయ్యి కిందికి దించాడు.

"చెప్పప్పా," అంది పెద్దమ్మ. "అమ్మ అడుగుతాండాది."

అతను మైకు బల్ల మీద పెట్టేసి, జేబురుమాలు తీసి తల్లి వేలు తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు. ఎరుపు వదలడం లేదు. అప్పుడు వెనక వరసలోంచి పెద్దనాయన లేచి వచ్చాడు. జనం దారి ఇచ్చారు. ఆయన మైకు తీసుకుని, అలవాటుగా ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

"నేను బీడీ తాగను," అన్నాడు.

ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ అన్నాడు. "జన్మలో ఎప్పుడూ ముట్టలేదప్పా. నా భార్య అబద్ధం చెప్పదు."

గొంతు చీలిపోయి ఉంది. అయినా అది ఆయన గొంతే. గాదిలింగప్ప కొనిచ్చిన ఆ పెద్ద స్పీకర్లలోంచి వచ్చి కింద బల్లను అదరగొట్టింది. నాకు ఏడుపొచ్చింది, నేనేం దాచుకోలేదు. మా అమ్మ చెయ్యి ఎత్తింది, "నాకూ అభ్యంతరం ఉంది సార్" అంది. తర్వాత పక్కింటివాళ్ళు, వాళ్ళ పక్కవాళ్ళు. ఇందాక నవ్వినవాళ్ళు కూడా ఎత్తారు. ఎత్తినంత మాత్రాన నేను వాళ్ళ పేర్లు మర్చిపోలేదు.

కుప్ప గోడ దాకా రాలేదు. ఉన్న యార్డు ఉన్నట్టే కొన్నేళ్ళు నడిచింది, మా ఎర్రదుమ్ము మేము తిన్నాం, తర్వాత గనులే ఆగి యార్డు ఖాళీ అయింది. మధ్యలోని ఆ సగం చేనులో గాదిలింగప్ప మళ్ళీ జొన్న వేశాడు. పెద్దమ్మతో చాలాకాలం మాట్లాడలేదు. హొన్నూరమ్మ రవిక గుడ్డలు మాత్రం మానకుండా పెద్దనాయన దగ్గరికే పంపింది. పెద్దనాయన గొంతు పూర్తిగా తిరిగి రాలేదు. వచ్చిందని చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టలేను. మందిరంలో ఒక చరణం పాడి కూర్చుంటాడు. కాకపోతే వెనక వరసలో కాదు, గానబృందం బెంచీ మీద. అక్కడికి తిరిగి రమ్మని చెయ్యి పట్టి తీసుకెళ్ళింది పెద్దమ్మే.

పెట్టెను సభ అయిన వారమే యల్లేష్ స్వయంగా వచ్చి శుభ్రం చేసి ఇచ్చాడు. ఈ మధ్య వెళ్ళినప్పుడు చూశాను, ఇంకా ఉంది. ఇప్పుడు ఫోన్లలో పాటలు వినే రోజులు, ఊళ్ళో ఎవరింట్లోనూ అలాంటి పెట్టె లేదు. పెద్దనాయన బల్ల కింది ఊఫర్ మీద కాలు ఆనించి కూర్చున్నాడు. పెద్దమ్మ జూబిలీ డిస్కు లోపల పెట్టింది. పెట్టె కాసేపు గిర్రున తిప్పి, పాత బుద్ధి పోనిచ్చుకోక, నీలం అక్షరాల్లో లేదంది.

పెద్దమ్మ దాని నెత్తిన ఒకటి చరిచింది.

"ఉండాది. బాగా చూడు."

బల్ల మీది కత్తెర గలగలమంది.